పద్ధతిలో లేని రోజు

కూరగాయలు కొనుక్కొస్తున్నావా, పండించి కోసుకొస్తున్నావా అని అత్తగారు అన్న మాటలో నిజానికి విషమేమీ లేదు, ఆవిడ నోట మాట మామూలుగానే కాస్త వంకర తిరిగి వస్తుంది, పైగా అలా వచ్చిందంటే ఆ పూట మోకాళ్ల నొప్పి తగ్గి హుషారుగా ఉందని అర్థం. అయినా ఆ మాట వారం రోజులుగా కోడలి లోపల పంటి సందులో ఇరుక్కున్న పీచులా తగులుతూనే ఉంది. కోపంతో అన్న మాటైతే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. ఇలాంటి మాటకి నవ్వాలి. నవ్వింది కూడా. "మార్కెట్లో రద్దీగా ఉంది అత్తయ్యా" అంది. ఆదివారం పొద్దున్న ఆ వేళకి మార్కెట్లో రద్దీ ఏమీ ఉండదు. ఆమె అక్కడ ఉన్నది కూడా కాసేపే. టమాటాలు ఏరలేదు, బెండకాయల తోకలు విరిచి చూడలేదు, బేరం ఆడలేదు. చేతికందినవి సంచీలో వేయించుకుని పరుగున ఇంటికొచ్చింది. మిగతా సేపంతా ఎక్కడ గడిపిందో అత్తగారికి తెలియదు, ఆవిడ కొడుక్కీ తెలియదు.

ఇదిగో, ఇక్కడ గడిపింది. ఊపిరితిత్తుల జబ్బుల పరిశోధనాశాలలో, మూడో అంతస్తు చివర కిటికీ లేని చిన్న గదిలో, గాజు తలుపు సగం దించిన పెట్టె ముందు, ఎత్తు సరిపోని స్టూలు మీద. ఇవాళ కూడా ఇక్కడే ఉంది. ఖాళీ సంచీ తెల్లకోట్ల కొక్కేనికి వేలాడుతోంది. చేతులకి రబ్బరు తొడుగులు, వేళ్ల మధ్య ద్రవం పీల్చి పోసే పిపెట్. పెట్టెలో గాలి ఒకటే రొద పెడుతుంటే దాని మాటున ఆలోచనలు వాటి దారిన అవి పోతుంటాయి. చేతులకి వాటితో పని లేదు.

రోడ్డుకి అవతల ఆస్పత్రి ఉంది. రాళ్లు కొట్టే చోట, పిండి మరల్లో, పత్తి మిల్లుల్లో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోయినవాళ్లు అక్కడికొస్తారు. వాళ్ల శ్వాసనాళంలోంచి సన్నటి బ్రష్‌తో గీకి తీసిన కాసిని కణాలు ఇక్కడికొస్తాయి. వాటిని ప్లేటులో అమర్చిన బొటనవేలి గోరంత కప్పుల్లో పెంచాలి. కప్పు అడుగున పల్చటి పొర, పొర మీద కణాలు. పొర కింద గులాబీ రంగు ద్రవం, అది వాటి తిండి. పైన వట్టి గాలి. మనిషి ఛాతీలో కూడా అంతే కదా, పైన గాలి, కింద నెత్తురు. అలా నెల రోజులు కాపాడుకుంటూ వస్తే కణాల మీద నూగు మొలుస్తుంది. మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే ఆ నూగంతా ఒకే వైపుకి, గాలికి పైరు వాలి లేచినట్టు ఊగుతూ ఉంటుంది. మనం పీల్చిన దుమ్మునీ మురికినీ మెల్లగా పైకి తోసేది ఆ ఊపే.

ఈ రోగుల్లో ఆ నూగు శాశ్వతంగా పోయిందనే ఇన్నాళ్లూ అందరూ అనుకున్నారు. పోలేదు, అణగారి ఉందంతే, తగినట్టు చూసుకుంటే మళ్లీ మొలుస్తుందని మొదట కళ్లతో చూసింది ఈమె. అది కూడా ఒక ఆదివారమే. పిండి మరలో పనిచేసి వచ్చిన ఒక ముసలామె కణాలవి. చూడగానే ఆమె నోట్లోంచి "ఊగుతున్నారే" అన్న మాట వచ్చింది, అవతల మనుషులున్నట్టు. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. వరండాలోకి వెళ్లి నిలబడింది. ఒళ్లంతా తేలికైపోయింది, అదేమిటో ఆ క్షణాన ఆమెకి తెలియలేదు. గర్వమనే మాట ఆ ఇంట్లో ఆమె విషయంలో ఒక్క రకంగానే వాడతారు, గర్వం తలకెక్కింది అని. తలకెక్కకుండా ఛాతీలోనే వెచ్చగా ఉండే గర్వం ఒకటుంటుందని ఆ రోజే తెలిసింది. తర్వాత వెళ్లి ఉల్లిపాయలు కొంది. ఇంట్లో చెప్పలేదు, ఎందుకంటే వాళ్ల లెక్కలో ఆమె మార్కెట్‌కి వెళ్లింది. మర్నాడు పెద్దాయనతో "ఇవాళ పొద్దున్న చూశాను సర్" అంది, ఎందుకంటే ఆయన లెక్కలో ఆదివారం ఆమె ఇక్కడికి రాలేదు.

పెద్దాయన అంటే ల్యాబ్ పెద్ద. వెనకాల అందరూ అలాగే అంటారు, ఎదురుగా సర్. మంచివాడు. అరవడు. ఆడవాళ్లని అమ్మా అని పిలుస్తాడు, పుట్టినరోజులకి కేకు తెప్పిస్తాడు. ఆ నూగు వీడియో చూసినప్పుడు ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడు. "నీది హస్తవాసి అమ్మా" అన్నాడు. వైద్యుల గురించి అనే మాట అది, ఫలానా ఆయన చెయ్యి పడితే జబ్బు నయమవుతుంది అన్నట్టు. ఆ మాట ల్యాబంతా పాకింది. పేరు పెట్టి పిలవడం మానేసి "హస్తవాసి గారూ, ఈ ప్లేటు కాస్త చూడండి" అనడం మొదలుపెట్టారు. ఆమెకి నచ్చింది. నచ్చలేదని చెప్తే అబద్ధమవుతుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె చేతుల గురించి వచ్చిన మాటలు "ఆ చేతులకి ఉప్పు తెలీదు", "ఆ చేతులకి మెత్తన తక్కువ" ఇలాంటివే. ఇప్పుడు అవే చేతులు పడితే కణాలు బతుకుతాయంటున్నారు. బస్సులో కూర్చుని ఒకటి రెండుసార్లు తన అరచేతులు తిప్పి చూసుకుంది కూడా, పక్కనున్నావిడ ఏమైనా అనుకుంటుందేమోనని మళ్లీ ఒళ్లో దాచుకుంది.

ఈ సంగతి మీద వ్యాసం పరిశోధన పత్రికలో అచ్చయింది. పెద్దాయన పేరు చివర, గౌరవంగా. ఆమె పేరు మొదట. ఆ పత్రిక ఇంటికి తెస్తే భర్త తిరగేసి, "బాగుంది, జీతమేమన్నా పెరుగుతుందా" అన్నాడు. అతనూ చెడ్డవాడు కాదు. ఆ వారమంతా ఆఫీసులో అందరికీ తనే చూపించుకున్నాడట.

ఆ తర్వాత మొదలైంది అసలు గొడవ. మిగతా చోట్ల ల్యాబులు ఆ అచ్చులో ఉన్న పద్ధతిని అలాగే చేసి చూశాయి. నూగు మొలవలేదు. ఒకచోట కాదు, ఎక్కడా మొలవలేదు. మొదట మర్యాదగా అడిగారు, తర్వాత మర్యాద తగ్గింది. ఇంకొకరు చేస్తే రానిది నిజమెలా అవుతుందని అడిగారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు, ఆమెకి తెలుసు. ఈ పనికున్న ధర్మమే అది. నాకు కనిపించింది అంటే చాలదు, నీకూ కనిపించాలి. చివరికి అందరినీ కూర్చోబెట్టి ఒక సమావేశం పెడదామని, అప్పటికీ తేలకపోతే వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలని పత్రికవాళ్లు చెప్పారు. వెనక్కి తీసుకోవడమంటే ఆ పిండి మర ముసలామె కణాలు ఊగలేదని ఒప్పుకోవడం. ఆ ఆదివారం అసలు జరగలేదని ఒప్పుకోవడం.

ఈలోపు ఒక ల్యాబ్ వాళ్ల మనిషిని ఇక్కడికే పంపింది, చూసి నేర్చుకోమని. పాతికేళ్లు దాటని పిల్ల, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే మొహం, ఎదుటివాళ్లు ఏం చేస్తున్నారో కళ్లు ఆర్పకుండా చూసే అలవాటు. ల్యాబ్‌లో ఆమెని వచ్చినమ్మాయి అనేవారు. "మేడమ్, మీ ప్లేటు పక్కన నా ప్లేటు పెట్టుకుంటాను, ఒకే మనిషి కణాలు, ఒకే తిండి. నేను అచ్చులో ఉన్నట్టు చేస్తాను, మీరు మీకు అలవాటైనట్టు చేయండి" అంది. అలాగే పెట్టారు.

మొదటి సోమవారం చూస్తే వచ్చినమ్మాయి ప్లేటులో ద్రవం గులాబీ రంగు పోయి పసుపు పచ్చగా మారింది. కణాలకి తిండి అయిపోతే, వాటి చెత్త పేరుకుంటే అలా మారుతుంది. తన చేతే బాగాలేదనుకుంది ఆ పిల్ల. రెండో సోమవారం మళ్లీ అలాగే అయింది. కణాలని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తెరిచి రెండు ప్లేట్లూ బయటికి తీసి దీపం కింద పక్కపక్కన పెట్టింది. ఒకటి పండిన నిమ్మకాయ రంగు, ఒకటి గులాబీ.

"మేడమ్, శుక్రవారం ఇద్దరం ఒకేసారి తిండి మార్చాం కదా."

"మార్చాం."

"మరి మీది ఎందుకు పసుపెక్కలేదు?"

ఆమె నోరు తెరిచింది, మామూలుగా చెప్పే మాట నాలుక చివరికి వచ్చింది కూడా. చెయ్యి అలా కుదిరిందమ్మా, నేర్చుకుంటే నీకూ వస్తుంది అనబోయింది. అనలేదు.

నిన్న మార్చాను కదా. నిన్న పొద్దున్న వచ్చాను, స్టూలు మీద కూర్చున్నాను, పాత తిండి తీసి కొత్తది పోశాను.

అంత సులువైన సంగతి ఇన్నాళ్లూ తన తలలోకి ఎందుకు రాలేదో ఆమెకి అర్థం కాలేదు. ల్యాబ్‌లో అందరూ తెలివైనవాళ్లే, తనూ తెలివి తక్కువది కాదు. నీళ్ల దగ్గర్నుంచి గాలి తేమ దాకా అన్నీ అనుమానించి మార్చి చూశారు. ఆదివారాన్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు, అది ఎవరికీ తెలియదు కాబట్టి. తెలిసిన మనిషి తనొక్కతే. ఒక రోజు గుర్తొచ్చింది. పెద్దాయన వ్యాసం టైపు చేస్తూ, తల తిప్పకుండానే, "వారంలో తిండి ఎప్పుడెప్పుడు మారుస్తున్నావమ్మా" అని అడిగాడు. "సోమ, బుధ, శుక్ర సర్" అంది ఆమె, తడుముకోకుండా. దాచాలని కాదు. ఆ క్షణాన ఆమె మనసులో ఆదివారం లేదు. ఆదివారం చేసేది పని అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అది దారిలో ఆగడం. ఇంట్లో పొయ్యి కట్టేశాక గట్టు తుడిచినట్టు, పడుకునేముందు తలుపు గడియ ఇంకోసారి చూసినట్టు. ఇవాళ ఏం చేశావని ఎవరైనా అడిగితే గట్టు తుడిచానని చెప్తామా? మొదటి సంవత్సరం ఒక సెలవు రోజుల తర్వాత ప్లేట్లన్నీ పసుపెక్కి కనిపిస్తే ప్రాణం ఉసూరుమంది, అప్పట్నుంచి ఆగడం మొదలుపెట్టింది. పాపం, శుక్రవారం నుంచి సోమవారం దాకా ఏం తింటాయి అనుకుంది. అంతే. పరిశోధన అనుకోలేదు.

"మేడమ్?" అంది వచ్చినమ్మాయి.

"చూద్దాం" అంది ఆమె, తొడుగులు విప్పుతూ.

ఆ తర్వాత రెండు రోజులు ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఇంట్లో భయమని మొదట తనకి తనే సర్ది చెప్పుకుంది. కానీ ఆమెకి తన మనసుని తవ్వి చూసుకునే జబ్బొకటి ఉంది, మధ్యలో ఆపలేదు. తవ్వితే కింద ఇంకోటి కనిపించింది. హస్తవాసి పోతుంది. ఆదివారం కూడా తిండి పెట్టండి అని ఒక్క ముక్క చెప్పేస్తే రేపట్నుంచి ఎవరి చేతుల్లోనైనా నూగు మొలుస్తుంది, ఆ అరచేతుల్లో ఇక చూసుకోవడానికేమీ ఉండదు. ఆ బెంగ నిజంగానే ఉంది, చిన్నపిల్ల బొమ్మ దాచుకున్నట్టు. దాన్ని అలా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉంటే బస్సులోనే ఆమెకి నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ తనకిచ్చిన బిరుదేమిటి? నువ్వు చేసిందేమిటో మాకు తెలీదు, నీకూ తెలీదు, అదేదో నీ చేతుల్లో ఉంది అని. వంటింట్లో బాగా కుదిరిన రోజు అనేదీ ఇదే, ఇవాళ కుదిరింది అంటారు, చేశావు అనరు. ఆమె చేసింది. ఎన్నో ఆదివారాలు, మోకాళ్లు పట్టేసే ఆ స్టూలు మీద కూర్చుని చేసింది. తనకి కావలసింది ఆ మాట, ఈ బిరుదు కాదు.

అయితే తనకి అనిపించింది నిజం కానక్కర్లేదు. చేసి చూపాలి. వచ్చినమ్మాయిని పిలిచి విషయమంతా చెప్పింది. ఆ పిల్ల కళ్లు ఆర్పకుండా విని, "ఆదివారం మీరొస్తున్నట్టు సర్‌కి తెలుసా?" అంది.

"తెలీదు."

"ఇంట్లో?"

"మార్కెట్‌కని తెలుసు."

ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది, ఆమె నవ్వకపోయేసరికి ఆపేసింది. "మా దగ్గర ఆదివారం తలుపు తాళమే తీయరక్కా" అంది మెల్లగా. మేడమ్ అక్కగా ఎప్పుడు మారిందో ఇద్దరూ గమనించలేదు.

కొత్తగా వచ్చిన కణాలని రెండు వరుసలు చేశారు. ఒక వరుసకి అచ్చులో ఉన్నట్టు సోమ, బుధ, శుక్ర. రెండో వరుసకి వాటితో పాటు ఆదివారం. మిగతావన్నీ ఒక్కటే. ఇద్దరూ చెరో వరుసా చేయకుండా, ప్రతిసారీ చేతులు మార్చుకున్నారు, హస్తవాసి అనే మాటకి తావు లేకుండా.

మొదటి ఆదివారం చాలా కష్టమైంది. రెండో వరుసకి తిండి పోసి, మొదటి వరుసని అలాగే లోపల పెట్టి తలుపు మూయాలి. అప్పటికే రంగు తిరుగుతోంది. పోస్తే పోయేదేముంది, ఇంతే కదా అని చెయ్యి వెళ్లబోయింది. "అక్కా, ముట్టుకోకు" అంది వచ్చినమ్మాయి. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఆకలితో ఉన్నదాన్ని చూస్తూ ఊరుకోవడం ఆమెకి ఎవరూ నేర్పలేదు, దానికి వ్యతిరేకమే నేర్పారు. ఇప్పుడు నేర్చుకోవాలి. ఒకరి ఆకలి తీర్చడం కాదు ఇక్కడ పని, తీర్చకపోతే ఏమవుతుందో చూపించడం.

ఆ రోజు ఇంటికొచ్చేసరికి ఆలస్యమైంది. సంచీలో ఏమీ లేదు. గుమ్మంలోనే అత్తగారు సంచీ తడిమి చూసి, "ఇంకా మొలకెత్తలేదా" అంది.

"మార్కెట్‌కి వెళ్లలేదు అత్తయ్యా. ల్యాబ్‌కి వెళ్లాను. ప్రతి ఆదివారం అక్కడికే వెళ్తున్నాను, వచ్చేటప్పుడు కూరలు తెస్తున్నాను."

భర్త పేపరు కిందికి దించాడు. "అంటే ఇన్నాళ్లూ మాకు అబద్ధం చెప్తున్నావా?"

"చెప్తున్నాను."

"నాకర్థం కాదు. చెప్పి వెళ్తే నేనేమన్నా వద్దంటానా? ఎప్పుడైనా అన్నానా?"

అనలేదు, నిజమే. అతనెప్పుడూ వద్దనలేదు. వెళ్లు, కానీ టిఫిన్ సంగతి చూసి వెళ్లు. వెళ్లు, కానీ అమ్మ మందులు నువ్వు ఇస్తేనే వేసుకుంటుంది. వెళ్లు, కానీ ఉన్న ఒక్క ఆదివారమూ ఇలా అయితే ఎలా చెప్పు. అతని దగ్గర అనుమతి ఎప్పుడూ దొరుకుతుంది, దానికి తోకలా ఒక 'కానీ' ఉంటుంది, ఆ 'కానీ'ని మోసుకుంటూ వెళ్లాలి. మార్కెట్‌కి మాత్రం 'కానీ' లేదు. మార్కెట్ ఇంట్లోవాళ్ల కోసం. ఇదంతా చెప్పాలంటే చాలాసేపు పడుతుంది. "అనలేదు. నేనే అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు, చెప్తున్నానంతే" అంది.

అతను పేపరు మడిచాడు, మళ్లీ విప్పాడు. కోపం వచ్చినప్పుడు అతను చేసేది అదే. అత్తగారు మాత్రం మంచం అంచున కూర్చుని వేరే సంగతి ఆలోచిస్తోంది.

"ఆదివారానికి జీతమిస్తారా?"

"ఇవ్వరు."

"ఎవరన్నా రమ్మన్నారా?"

"లేదు."

"జీతమూ లేక, రమ్మన్నవాళ్లూ లేక, ఇక అది పనెలా అవుతుందే?" అని అడిగింది ఆవిడ, ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే. అడిగి, జవాబు కోసం కోడలి మొహంలోకి చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆవిడ మొహంలో ఏదో మారింది. వంటింటి వైపు ఒకసారి చూసింది. తన చేతుల వైపు చూసుకుంది, వేళ్ల కణుపులు ఉబ్బి వంకర్లు తిరిగిన చేతులు. కొడుకు వైపు తిరిగి, "ఆ పేపరు అలా పెట్టి, కిందికెళ్లి ఏమన్నా కూరలు పట్రా" అంది.

"నేనా?"

"కాళ్లు నాకు నొప్పి. నీకేమైంది?"

నెల తిరిగేసరికి రెండు వరుసలూ సిద్ధమయ్యాయి. ముందు వచ్చినమ్మాయినే చూడమంది ఆమె. ఆ పిల్ల మొదటి వరుస చూసింది, కప్పు తర్వాత కప్పు. అన్నీ బోడిగా, చదునుగా, ఎండిన నేలలా ఉన్నాయి. రెండో వరుస పెట్టింది. చాలాసేపు కళ్లు పైకెత్తలేదు. ఎంతసేపంటే, పక్కన నిలబడ్డ ఆమెకి కాళ్లు లాగడం మొదలైంది.

"ఊగుతున్నాయక్కా" అంది చివరికి, గొంతు తగ్గించి, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు. "నేను చేసిన కప్పుల్లో కూడా ఊగుతున్నాయి."

ఆ మాటకి ఆమె ఛాతీలో మళ్లీ ఆ వెచ్చదనం లేచింది. మొదటిసారి ఒంటరిగా చూసిన రోజు కంటే ఎక్కువగా లేచింది. హస్తవాసి అనే బొమ్మ పోయిందనే బెంగ ఏ మూలన ఉందో వెతికినా దొరకలేదు.

పెద్దాయనకి ఇద్దరూ కలిసి చెప్పారు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, రెండు వరుసలూ స్వయంగా చూసి, కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నిట్టూర్చాడు. వ్యాసం నిలబడుతుంది. అంతలోనే ముందుకి వంగాడు.

"అయితే అమ్మా, ఎల్లుండి సమావేశంలో ఈ ఆదివారం ప్రసక్తి మరీ అలా తేవక్కర్లేదు. మన అచ్చులోనే తప్పుందన్నట్టు అవుతుంది. సెలవు రోజున మనిషిని రప్పించుకున్నామన్న మాట కూడా వస్తుంది."

"ఎవరూ రప్పించలేదు సర్, నేనే వచ్చాను. కానీ అది చెప్పకపోతే వాళ్లకి నూగు రాదు."

"వస్తుంది, మెల్లగా వస్తుంది. ఈ అమ్మాయి నేర్చుకుంది కదా, వెళ్లి వాళ్లకి నేర్పుతుంది. చేతి నేర్పు అందాం. నేను మాట్లాడతాను, నువ్వు పక్కన కూర్చుని వీడియో నడుపు చాలు." లేచి, ఆప్యాయంగా, "వచ్చే నెల నీ ఉద్యోగం పొడిగింపు కాగితాలు కూడా నా టేబుల్ మీదికొస్తాయి. అవి నేను చూసుకుంటాను, నువ్వు దిగులు పెట్టుకోకు" అన్నాడు. బెదిరించాలని అనలేదు. ఆ రెండూ ఒకే ఊపిరిలో వచ్చాయని ఆయనకే తెలిసి ఉండదు. ఆమెకి తెలిసింది.

సమావేశం రోజున పొడవాటి టేబుల్ చివర తెర. తెర మీద గళ్లు గళ్లుగా మొహాలు, నాలుగైదు ల్యాబుల వాళ్లు, పత్రిక తరఫున ఒక పెద్దమనిషి. ల్యాప్‌టాప్ ముందు పెద్దాయన, ఆయన మోచేతి పక్కన ఆమె, గోడవారన వచ్చినమ్మాయి. తెర మీద ఒకాయన మొదలుపెట్టాడు. విసిగిపోయి ఉన్నాడు, అయినా మాట తూలలేదు. "అచ్చులో ఉన్నది అక్షరం పొల్లు పోకుండా చేశామండీ. ఒకసారి కాదు, ఏడాదిగా చేస్తున్నాం. మా రోగులు మమ్మల్ని అడుగుతున్నారు, ఆశ ఉందా అని. ఏం చెప్పమంటారు?"

పెద్దాయన నవ్వాడు, వాతావరణం తేలిక చేద్దామని. "ఇది వంట లాంటిదండీ. కాగితం చూసి చేస్తే రాదు. మా ఆవిడ పెట్టే కాఫీ అవే పాలు, అదే పొడి పెట్టి నేను చేస్తే నాకే తాగబుద్ధి కాదు." తెర మీద రెండు మూడు గళ్లు నవ్వాయి. విసిగిపోయిన ఆయన నవ్వలేదు. ఆమె ఆ మొహాన్నే చూస్తోంది. ఆయన వెనకాల అద్దం తలుపులోంచి ఒక ఇంక్యుబేటర్ కనిపిస్తోంది, తమ దగ్గరున్నటువంటిదే. అందులో ప్లేట్లుంటాయి. ఇవాళ శుక్రవారం. ఇంకాసేపట్లో వాళ్లు తిండి మార్చి, తాళం వేసుకుని ఇళ్లకి వెళ్లిపోతారు. వాళ్ల ప్లేట్లు పసుపెక్కుతాయి. వాళ్ల రోగులకి ఆశ లేదని చెప్తారు. తన నోట్లో ఉన్న ఒక్క మాట అక్కడికి చేరకపోవడం వల్ల. కాఫీ పెట్టే ఆ ఇల్లాలిని ఎవరైనా ఎలా పెడతావని అడిగారో లేదో ఆమెకి తెలియదు. అడిగితే చెప్పేదేమో.

పెద్దాయన ల్యాప్‌టాప్ మీద ఏదో నొక్కాడు. తెర మీద వాళ్ల మొహాలు అలాగే ఉన్నాయి, తమ మాట మాత్రం వాళ్లకి వినపడకుండా ఆపేశాడు. "అమ్మా, ఆ నూగు వీడియో పెట్టు" అన్నాడు ఆమె వైపు వంగి. "చూస్తే వాళ్లే చల్లబడతారు. మాటలు నేను చూసుకుంటాను."

ఆమె వీడియో పెట్టలేదు. భయమా అని తనని తను అడిగి చూసుకుంది. భయం కూడా ఉంది. కానీ దాని కింద, చాలా కింద, గట్టి నేల మీద కాలు ఆనినట్టు ఇంకోటి ఉంది, అది ఎప్పట్నుంచి అక్కడ ఉందో ఆమెకి తెలుసు. గోడవారన వచ్చినమ్మాయి కళ్లు ఆర్పకుండా చూస్తోంది. పెద్దాయన మోచెయ్యి ల్యాప్‌టాప్‌కి అడ్డంగా ఉంది. "కాస్త చెయ్యి తీయండి సర్" అంది ఆమె. ఆయన ఎందుకో తెలియకుండానే తీశాడు. ఆమె చెయ్యి చాపి, మాట ఆపేసిన ఆ మీటని నొక్కింది. తెర మీద మొహాలన్నీ ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి.

"మేం అచ్చు వేసిన పద్ధతిలో ఒక రోజు లేదండీ" అంది. "ఆ రోజు పని నేను చేశాను. ఏం చేశానో చెప్తాను, రాసుకోండి."